పోటీ లేని ప్రభుత్వ నియామకాలు: కారుణ్యానికీ వారసత్వానికీ మధ్య గీత

నోటిఫికేషన్, రాత పరీక్ష, మెరిట్ జాబితా అనే మెట్లు ఎక్కించకుండా ఒక వ్యక్తిని నేరుగా ప్రభుత్వ కొలువులోకి తీసుకోవడాన్ని పోటీ లేని నియామకం అంటారు. మన దేశంలో దీనికి అందరికీ తెలిసిన రూపం కారుణ్య నియామకం. సర్వీసులో ఉండగానే ఉద్యోగి మరణిస్తే, అతని సంపాదన మీదే బతుకుతున్న కుటుంబంలో ఒకరికి ఇచ్చే ఉద్యోగమిది. జబ్బుపడి మధ్యలోనే ఉద్యోగం వదులుకోవలసి వచ్చినవారి పిల్లలకూ, ప్రాజెక్టుల కింద భూమి పోగొట్టుకున్నవారికీ, అంతర్జాతీయ పతకాలు తెచ్చిన క్రీడాకారులకూ, సరిహద్దుల్లో నేలకొరిగిన సైనికుల కుటుంబాలకూ ఇచ్చే ఉద్యోగాలు కూడా ఈ కోవలోకే వస్తాయి. సింగరేణి బొగ్గు ప్రాంతంలో ‘వారసత్వ ఉద్యోగం’ అనే మరో రూపం కార్మికుల ఇళ్లలో తరతరాలుగా వినిపిస్తోంది. వీటన్నిటినీ ఒకే గాట కట్టి సమర్థించడం ఎంత పొరపాటో, ఒకే గాట కట్టి ఖండించడమూ అంతే పొరపాటు. పోటీని పక్కన పెట్టడానికి కారణం కుటుంబం పడ్డ ఆపద కావచ్చు, ఆ వ్యక్తి తాను చేసిన సేవో భరించిన నష్టమో కావచ్చు. అలాంటప్పుడు ఆ నియామకం సమానత్వ సూత్రంతో కలిసి నడవగలదు. ఫలానావారి బిడ్డ కావడమొక్కటే కారణమైతే మాత్రం అది ఆ సూత్రాన్ని దెబ్బతీస్తుంది. అరవై ఏళ్లకు పైబడిన న్యాయచరిత్ర ఈ గీతను మళ్లీ మళ్లీ గీస్తూ వచ్చింది. ఆ చరిత్రలోని కీలకమైన కేసులు కొన్ని తెలుగు జిల్లాల నుంచే వెళ్లాయి.

పోటీ నియమం, పుట్టుకతో వచ్చిన కొలువు

ప్రభుత్వోద్యోగానికి పరీక్ష పెట్టాలన్న ఆలోచన మన దేశంలో ఇటీవలిదే. ఈస్టిండియా కంపెనీ సివిల్ సర్వీసులో ఎవరు చేరాలో మొదట్లో డైరెక్టర్ల సిఫారసే నిర్ణయించేది. 1853 చార్టర్ చట్టం ఆ అధికారాన్ని తీసివేయగా, 1855లో లండన్‌లో తొలి బహిరంగ పోటీ పరీక్ష జరిగింది. 1926లో కేంద్రంలో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఏర్పడింది. 1929 నాటి చట్టంతో మద్రాసు రాష్ట్రం తన సొంత సర్వీస్ కమిషన్‌ను నెలకొల్పుకుంది. అంటే పైస్థాయి కొలువుల్లో పోటీ మెల్లగా వేరూనుకుంటూ వచ్చింది. కింద గ్రామంలో మాత్రం పరిస్థితి వేరు. మద్రాసు రాష్ట్రంలో 1895 నాటి వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం మునసబు, కరణం పదవులను కుటుంబాల సొత్తుగా గుర్తించింది. నిజాం ఏలుబడిలోని తెలంగాణలో పటేల్, పట్వారీ పదవులదీ అదే తీరు. రైతుకు నిత్యం ఎదురయ్యే ప్రభుత్వం కలెక్టరు కాదు, కరణమే. ఆ కరణం పదవి పుట్టుకతో సంక్రమించేది గనుక, ఊరి భూమి లెక్కల మీద అధికారం కూడా పుట్టుకతోనే సంక్రమించేది.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం ఈ రెండు పద్ధతుల్లో ఒకదాన్నే ఎంచుకుంది. ప్రభుత్వోద్యోగాల్లో పౌరులందరికీ సమానావకాశం ఉండాలని 16వ అధికరణంలోని మొదటి క్లాజు చెబుతుంది. మతం, జాతి, కులం, లింగం, వంశం, జన్మస్థలం, నివాసం కారణంగా మాత్రమే ఎవరినీ అనర్హులుగా చూడరాదని రెండో క్లాజు శాసిస్తుంది. ఈ జాబితాలో కులంతో పాటు వంశమూ ఉందన్న సంగతి చాలామంది గమనించరు. రిజర్వేషన్లను కూడా పోటీ లేని నియామకాలుగా పొరబడేవారున్నారు. రిజర్వు పోస్టుకు వచ్చే అభ్యర్థి తన వర్గంలోని మిగతావారితో పోటీపడే ఉద్యోగం తెచ్చుకుంటాడు. పోటీ లేని నియామకంలో అలాంటి పరీక్షేదీ ఉండదు. అందుకే దానికి ఇంకా బలమైన కారణం చూపవలసి ఉంటుంది.

ఆ కారణం వంశం కారాదని తేల్చిన తొలి పెద్ద తీర్పు గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన కేసులో వచ్చింది. పెరవలి గ్రామాన్ని విడదీసి పెరవలిపాలెం అనే కొత్త గ్రామాన్ని ఏర్పాటు చేశాక, అక్కడి మునసబు పదవికి కొందరు దరఖాస్తు చేసుకున్నారు. రెవెన్యూ డివిజనల్ అధికారి ఒకరిని ఎంపిక చేస్తే, పాత గ్రామ మునసబు కుమారుడు కలెక్టరుకు అప్పీలు చేసుకున్నాడు. 1895 చట్టం ఆరో సెక్షన్ అండతో పదవి అతనికే దక్కింది. మొదట ఎంపికైన గాజుల దశరథ రామారావు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1960 డిసెంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గ్రామ మునసబు పదవి కూడా రాజ్యం కింది ఉద్యోగమేననీ, దాన్ని పాత పదవీదారుల కుటుంబానికే కట్టబెట్టడం వంశం కారణంగా చూపిన వివక్ష అనీ తీర్పు చెప్పింది. ఆ తర్వాత పాతికేళ్లు తిరగకముందే, 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం గ్రామాధికారుల వ్యవస్థనే రద్దు చేసింది. 1985లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. వారసత్వ కొలువు రాజ్యాంగానికి పడదన్న సూత్రం పుస్తకాల్లో పుట్టి ఊళ్లోకి వచ్చింది కాదు. ఊరి మునసబు పదవి మీద సాగిన తగవులోంచే అది దేశమంతటికీ స్థిరపడింది.

కారుణ్య పథకం పనిచేసే తీరు

వంశాన్ని బట్టి ఉద్యోగం ఇవ్వకూడదంటే, మరణించిన ఉద్యోగి భార్యకో కొడుక్కో ఉద్యోగం ఇవ్వడం ఎలా చెల్లుతుంది? ఈ ప్రశ్నకు జవాబు పథకం రూపంలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1977 అక్టోబరు 3 నాటి 687వ నంబరు జీవో ఈ పథకానికి పునాది. ఆ తర్వాత వచ్చిన అనేక జీవోలు దాన్ని సవరించాయి. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ కూడా ఆ పునాది మీదే కొనసాగింది. సర్వీసులో ఉండగా చనిపోయిన ఉద్యోగి భార్య లేదా భర్త, కొడుకు, కూతురు దీని కింద అర్హులు. సాధారణంగా ఏడాదిలోగా దరఖాస్తు చేసుకోవాలి. కుటుంబంలో సంపాదించేవారు మరెవరూ లేరని తహసీల్దారు ధ్రువపత్రం ఇవ్వాలి. ‘నో ఎర్నింగ్ మెంబర్ సర్టిఫికెట్’ అని ఆఫీసుల్లో అందరూ పిలిచే కాగితం ఇదే. జూనియర్ అసిస్టెంట్, అంతకంటే కింది స్థాయి పోస్టులే ఇస్తారు. చనిపోయింది ఎంత పెద్ద అధికారి అయినా కుటుంబానికి ఈ కింది మెట్టే దక్కుతుంది. సొంత శాఖలో ఖాళీ లేకపోతే ఫైలు జిల్లా కలెక్టరు ద్వారా మరో శాఖకు వెళ్తుంది.

కేంద్ర ప్రభుత్వ పథకంలో మరో కళ్లెం ఉంది. ప్రత్యక్ష నియామకపు కోటాలోని ఖాళీల్లో 5 శాతానికి మించి కారుణ్య నియామకాలకు వాడరాదు. దరఖాస్తుదారులు ఎక్కువ, పోస్టులు తక్కువ అయినప్పుడు ఎవరి అవసరం తీవ్రమో తూచాలి. రక్షణ శాఖ వంటి విభాగాలు ఇందుకు నూరు మార్కుల పట్టిక పెట్టుకున్నాయి. ఫ్యామిలీ పెన్షన్, చేతికందిన గ్రాట్యుటీ వంటి మొత్తాలు, కుటుంబ ఆదాయం, ఆస్తి, మైనర్ పిల్లల సంఖ్య, పెళ్లికావలసిన ఆడపిల్లలు, ఉద్యోగికి ఇంకా మిగిలి ఉన్న సర్వీసు అనేవి అందులో లెక్కకొస్తాయి. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ఈ నియామకంలో చదువు పోటీ లేకపోయినా పోలిక మాత్రం ఉంది. ఆ పోలిక ప్రతిభలో కాకుండా లేమిలో జరుగుతుంది. వారసత్వంలో అలాంటి తూకానికి చోటే లేదు. కొడుకు కొడుకే, ఎక్కువ కొడుకు, తక్కువ కొడుకు అని ఉండరు. అవసరాన్ని కొలవవచ్చు, రక్తసంబంధాన్ని కొలవలేం. ఈ రెంటినీ విడదీసే మొదటి గుర్తు ఇదే.

న్యాయస్థానాలు గీసిన గీత

ఈ గీతను సూటిగా గీసిన తీర్పుల్లో ఒకటి ఆడిటర్ జనరల్ కార్యాలయానికీ జి. అనంత రాజేశ్వరరావుకూ మధ్య ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో 1993లో వచ్చింది. వంశాన్ని బట్టి చేసే నియామకం 16వ అధికరణాన్ని ఉల్లంఘిస్తుందని సుప్రీంకోర్టు అందులో స్పష్టంగా చెప్పింది. అదే తీర్పులో, సర్వీసులో చనిపోయిన ఉద్యోగి భార్యకో పిల్లలకో, సంపాదించే దిక్కు మరొకరు లేనప్పుడు, తక్షణ ఆసరాగా ఇచ్చే ఉద్యోగానికి అభ్యంతరం లేదని కూడా చెప్పింది. ఉద్యోగం వెళ్లేది రెండు సందర్భాల్లోనూ కొడుక్కే కావచ్చు. కానీ మొదటి సందర్భంలో కొడుకు కావడమే కారణం. రెండో సందర్భంలో కారణం ఆకలి, కొడుకు కావడం ఆ ఆకలి ఏ ఇంట్లో ఉందో చెప్పే ఆనవాలు మాత్రమే. పోలీసుల కుమారులకు ఢిల్లీ పోలీసు నియామకాల్లో ఇచ్చిన ప్రాధాన్యాన్ని సుప్రీంకోర్టు 1987లోనే తప్పుబట్టడం కూడా ఈ తర్కానికి తగినట్టే ఉంది. ఆ పోలీసులు బతికే ఉన్నారు, జీతాలు తెచ్చుకుంటూనే ఉన్నారు. వారి ఇళ్లలో తీర్చవలసిన ఆపదేదీ లేదు.

1994లో ఉమేశ్ కుమార్ నాగ్‌పాల్ కేసు ఈ సిద్ధాంతానికి పూర్తి రూపం ఇచ్చింది. పోయిన పోస్టుకు బదులు పోస్టు ఇవ్వడం ఈ పథకం ఉద్దేశం కాదనీ, హఠాత్తుగా వచ్చిపడ్డ కష్టాన్ని కుటుంబం గట్టెక్కేలా చూడడమే ఉద్దేశమనీ, అందుకు కింది రెండు తరగతుల పోస్టులే చాలనీ న్యాయస్థానం చెప్పింది. ఎన్నేళ్లయినా దాచుకుని ఎప్పుడంటే అప్పుడు అడిగే హక్కు కాదిది. తండ్రి చనిపోయినప్పుడు పసివాడిగా ఉన్న బిడ్డ పదేళ్ల తర్వాత ఉద్యోగం అడిగితే నిరాకరించిన తీర్పులు తర్వాతి కాలంలో ఎన్నో వచ్చాయి, 2024 నాటి టింకూ కేసుతో సహా. ఇవి కఠినంగా కనిపిస్తాయి. అయినా తర్కం నిలకడైనదే. అన్నేళ్లు కుటుంబం ఏదోలా నిలదొక్కుకుందంటే, అప్పుడు ఇచ్చే ఉద్యోగం ఆపదను తీర్చేది కాదు, వాటా పంచేది అవుతుంది.

కానీ ఈ తర్కాన్ని ప్రభుత్వాలు తమ ఆలస్యానికి కవచంగా వాడుకుంటే అది అన్యాయం. సుష్మా గోసాయి కేసు దీనికి సాక్ష్యం. సరిహద్దు రోడ్ల విభాగంలో పనిచేసే భర్త 1982లో చనిపోగానే ఆమె దరఖాస్తు చేసుకున్నారు, పరీక్షలో నెగ్గారు కూడా. అయినా ఉద్యోగం ఇవ్వకుండా ఏళ్లు గడిపి, చివరకు ఆ పోస్టుల్లో మహిళలను తీసుకోబోమని చెప్పారు. 1989లో సుప్రీంకోర్టు ఆమెకు ఉద్యోగం ఇవ్వాలని ఆదేశిస్తూ, ఇలాంటి దరఖాస్తుల్లో జాప్యం కూడదనీ, పోస్టు లేకపోతే అదనపు పోస్టు సృష్టించాలనీ చెప్పింది. అవసరమే ఈ నియామకానికి ప్రాణమైతే, ఆ అవసరం ఉన్న రోజుల్లోనే ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత. దరఖాస్తుదారుకు ఏడాది గడువు పెట్టిన ప్రభుత్వం తనకూ అంతే కచ్చితమైన గడువు పెట్టుకోవాలి.

ఒంట్లో సత్తువ పోయిన ఉద్యోగి, సింగరేణి, రైల్వే

మరణం విషయంలో గీత స్పష్టంగానే ఉంటుంది. అనారోగ్యం దగ్గరికి వచ్చేసరికి అది మసకబారుతుంది. మెడికల్ బోర్డు పనికిరాడని తేల్చిన ఉద్యోగి రిటైరై, అతని బిడ్డకు ఉద్యోగం ఇచ్చే పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లో 1980 దశకం నాటికే జీవోల్లో ఉంది. అది వారసత్వమేనంటూ హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2008లో వి. శివమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. ఉద్యోగి మంచాన పడితే కుటుంబం పోగొట్టుకునేది జీతం ఒక్కటే కాదు. అతని పోషణ, వైద్యం ఖర్చు కూడా మీద పడతాయి. కాబట్టి ఆ కష్టం మరణం తెచ్చే కష్టానికి తీసిపోదని కోర్టు గుర్తించింది. రిటైర్మెంటుకు అయిదేళ్ల సర్వీసైనా మిగిలి ఉండాలన్న షరతు ఈ పథకంలో ఉండడానికీ కారణం ఇదే. నెల రోజుల్లో రిటైరయ్యే వ్యక్తి హఠాత్తుగా అనారోగ్యం చూపి కొడుక్కి ఉద్యోగం ఇప్పించుకుంటే, అక్కడ పనిచేసేది ఆపద కాదు, వారసత్వం. ఇటీవలి చట్టం మరో దారి కూడా చూపింది. సర్వీసులో వైకల్యం పొందిన ఉద్యోగిని తొలగించకుండా, అదే జీతంతో తగిన మరో పనిలోకి మార్చాలని వికలాంగుల హక్కుల చట్టం, 2016 చెబుతోంది. ఆ మార్పు సాధ్యమైన చోట బిడ్డకు ఉద్యోగం ఇవ్వవలసిన అవసరమే తగ్గిపోతుంది.

సింగరేణిలో జరిగింది ఈ గీతకు అసలైన పరీక్ష. కొత్తగూడెం నుంచి మంచిర్యాల, భూపాలపల్లి దాకా విస్తరించిన ఈ బొగ్గు గనుల్లో తండ్రి దిగి, కొడుకు ఉద్యోగం ఎక్కడమన్నది కొన్ని తరాల పాటు కార్మిక జీవితంలో భాగమైపోయింది. ఆగిపోయిన ఆ పద్ధతిని పునరుద్ధరించాలని 2016లో యాజమాన్యం నిర్ణయించింది. రిటైర్మెంటుకు ఇంకా వ్యవధి ఉన్న కార్మికుడు ముందే దిగిపోయి, ఉద్యోగాన్ని కొడుక్కో, అల్లుడికో, తమ్ముడికో ఇప్పించుకోవచ్చు. నిరుద్యోగి ఒకరు సవాలు చేయగా 2017 మార్చిలో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు దీన్ని కొట్టివేసింది. తర్వాతి నెలలో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. ఆ తర్వాత కంపెనీ వైద్య కారణాల మీద మాత్రమే ఆధారపడే కారుణ్య నియామకాల వైపు మళ్లింది. రైల్వేలో లార్స్‌గెస్ పేరుతో పిలిచిన పథకానిదీ దాదాపు ఇదే కథ. 2004లో డ్రైవర్లు, గ్యాంగ్‌మన్‌ల కోసం మొదలై, 2010లో మరికొన్ని భద్రతా విభాగాలకు విస్తరించిన ఈ పథకంలో తండ్రి ముందే రిటైరైతే బిడ్డకు ఉద్యోగం ఖాయం. 2016లో పంజాబ్, హర్యానా హైకోర్టు ఇది సమానత్వ పరీక్షకు నిలవదని చెప్పింది. 2018లో రైల్వే దాన్ని ముగించింది. 2021లో సుప్రీంకోర్టు ఆ ముగింపునే సమర్థించింది.

సింగరేణి కార్మికుల పక్షాన చెప్పే వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. భూగర్భంలో దశాబ్దాలు పనిచేసిన ఒళ్లు అరవై ఏళ్లకు ముందే అలసిపోతుంది. గనుల కోసం ఊళ్లూ పొలాలూ పోయాయి. చుట్టుపక్కల మరో పెద్ద జీవనాధారం లేదు. ఇవన్నీ నిజాలే. అయితే ఈ నిజాల్లో ప్రతిదానికీ వారసత్వం కంటే సూటి జవాబు ఉంది. ఒళ్లు చెడిపోయిన కార్మికుడికి నిజాయితీగల మెడికల్ బోర్డు, దాని మీద ఆధారపడ్డ నియామకం ఉన్నాయి, శివమూర్తి తీర్పు వాటికి అండగా ఉంది. భూమి పోయిన కుటుంబానికి 2013 భూసేకరణ చట్టంలోని రెండో షెడ్యూలు ఉద్యోగమో, ఏకమొత్తమో, 20 ఏళ్ల నెలసరి చెల్లింపో ఎంచుకునే వీలు కల్పించింది. ఆ హక్కు భూమి పోయినందుకు వస్తుంది, తండ్రి గనిలో పనిచేసినందుకు కాదు. ఇక ఆ ప్రాంతంలో వేరే బతుకుతెరువు లేదన్న మాట నిజమైతే, గనిలో తండ్రి లేని ఇంటి పిల్లవాడికి అది ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. ఆ గని పక్కనే పుట్టి, అదే దుమ్ము పీల్చి పెరిగిన ఆ పిల్లవాడికి తలుపు మూసేదే వారసత్వ ఉద్యోగం.

గౌరవంగా ఇచ్చే కొలువులు

అవసరంతో సంబంధం లేని మరో తరగతి ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒలింపిక్ రజత పతక విజేత పి.వి. సింధును డిప్యూటీ కలెక్టరుగా నియమించడానికి 2017 మేలో శాసనసభలో చట్టాన్నే సవరించింది. క్రికెటర్ మహమ్మద్ సిరాజ్, బాక్సర్ నిఖత్ జరీన్‌లకు తెలంగాణ 2024లో డీఎస్పీ పోస్టులిచ్చింది. గల్వాన్ లోయలో 2020 జూన్‌లో అమరుడైన సూర్యాపేట వాసి కర్నల్ సంతోష్ బాబు భార్యకు అదే ఏడాది డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. క్రీడాకారుల విషయంలో నియామకానికి కారణం వారు స్వయంగా సాధించినదే, వంశం ప్రసక్తి లేదు. సైనికుడి కుటుంబం విషయంలో కారణం త్యాగానికి రాజ్యం పడ్డ రుణం. కాబట్టి ఇవి వారసత్వపు గీత దాటవు. వీటిలో ఉన్న ప్రమాదం వేరు. సాధారణ కారుణ్య నియామకం జూనియర్ అసిస్టెంట్ మెట్టు దాటకపోతే, ఇవి గ్రూప్-1 స్థాయిలో జరుగుతున్నాయి. ఎంత సాధిస్తే ఏ పోస్టు, ఏ త్యాగానికి ఏ స్థాయి అన్నది ముందే రాసిపెట్టిన నియమం లేకపోతే ఆనాటి ప్రభుత్వపు దయ మీదే అంతా నడుస్తుంది. సింధు నియామకానికి చట్టసభ ద్వారా వెళ్లడం ఈ దృష్టితో చూస్తే మంచి పద్ధతే. ఒక్కరి కోసం కాకుండా అందరికీ వర్తించే కొలమానాన్ని అలాగే చట్టంలో పెట్టడం ఇంకా మంచిది.

అమెరికా అనుభవం

ఈ గీత మన దేశానికే పరిమితం కాదని అమెరికా ఫెడరల్ సర్వీసు చూపిస్తుంది. 1881లో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను పదవి దక్కలేదన్న అక్కసుతో ఒక వ్యక్తి కాల్చాడు. ఆ ఘటన రేపిన ఆగ్రహంలో 1883లో పెండిల్టన్ చట్టం వచ్చి, పార్టీ విధేయతకు బదులు పరీక్షను ప్రమాణంగా నిలిపింది. అయినా అక్కడ పోటీ లేని దారులు నేటికీ ఉన్నాయి. తీవ్రమైన వైకల్యం ఉన్నవారిని ‘షెడ్యూల్ ఎ’ కింద నేరుగా తీసుకుని, రెండేళ్లు సంతృప్తికరంగా పనిచేశాక శాశ్వత సర్వీసులోకి మార్చవచ్చు. మాజీ సైనికులను ఒక స్థాయి వరకు పోటీ లేకుండా నియమించవచ్చు. పీస్ కోర్ వాలంటీర్లకు సేవ ముగించాక ఏడాది పాటు ఈ వీలు ఉంటుంది. బదిలీపై వెళ్లే సైనికుల జీవిత భాగస్వాములకూ, విధి నిర్వహణలో చనిపోయిన సైనికుల భార్యలకూ 2008 నాటి అధ్యక్ష ఉత్తర్వు దారి తెరిచింది. ఈ జాబితాలో రెండు సంగతులు కనిపిస్తాయి. ప్రతి దారికీ కారణం వైకల్యం, సేవ, సేవ వల్ల కుటుంబానికి కలిగిన నష్టం. రిటైరైన ఉద్యోగి తన కుర్చీని కొడుక్కి అప్పగించే దారి ఇందులో లేదు. ఇక రెండోది, పోటీ మినహాయించినా అర్హతను మినహాయించలేదు. పోస్టుకు కావలసిన చదువు, నైపుణ్యం ఉన్నాయని అభ్యర్థి చూపించవలసిందే.

అభ్యంతరాలు, సమాధానాలు

కారుణ్య నియామకాలను పూర్తిగా ఎత్తివేయాలనేవారి వాదన బలమైనదే. హైదరాబాదు అశోక్‌నగర్ గదుల్లో ఏళ్ల తరబడి గ్రూప్స్‌కు చదివే యువకుడికి ప్రతి కారుణ్య పోస్టూ తన చేజారిన పోస్టుగానే కనిపిస్తుంది. ప్రైవేటు ఉద్యోగి చనిపోతే అతని కుటుంబానికి రాని సాయం ప్రభుత్వోద్యోగి కుటుంబానికి ఎందుకని అతడు అడిగితే ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. దీనికి జవాబు పథకం హద్దుల్లోనే వెతకాలి. కేంద్రంలో ఖాళీల్లో 5 శాతం, రాష్ట్రాల్లో కింది మెట్టు పోస్టులు, సంపాదించేవారు మరెవరూ లేని ఇళ్లు అన్న హద్దులు నిజంగా పాటిస్తే పోటీ అభ్యర్థి కోల్పోయేది స్వల్పం, ఆ ఇల్లు నిలబడేది పూర్తిగా. హద్దులు సడలిన ప్రతిసారీ ఈ జవాబు బలహీనపడుతుంది. అంటే కారుణ్య పథకానికి నిరుద్యోగులు ప్రమాదం కాదు, దాన్ని వారసత్వంగా మార్చాలని చూసేవారే ప్రమాదం.

ఉద్యోగానికి బదులు డబ్బు ఇవ్వవచ్చు కదా అన్నది మరో అభ్యంతరం. హర్యానా 2006లో ఆ ప్రయోగం చేసింది. చనిపోయేనాటికి ఉద్యోగి వయసు 35 ఏళ్లలోపైతే 15 ఏళ్లు, 48 ఏళ్లలోపైతే 12 ఏళ్లు, అంతకు మించితే 7 ఏళ్లు, ఆఖరి జీతాన్ని కుటుంబానికి నెలనెలా చెల్లించే నియమాలు తెచ్చింది. పెద్ద వయసు వారి విషయంలో రిటైర్మెంటు తేదీ దాటకుండా హద్దు పెట్టింది. ప్రభుత్వ రంగ బ్యాంకులు కూడా కొన్నేళ్లు ఉద్యోగాలు ఆపి ఏకమొత్తం ఇచ్చి, 2014లో మళ్లీ నియామకాలు మొదలుపెట్టాయి. హర్యానా సైతం 2019 నియమాల్లో ఉద్యోగానికి చోటిచ్చింది. పసిపిల్లలతో మిగిలిన తల్లికీ, చదువుకునే అవకాశం లేని భార్యకూ నెలసరి చెల్లింపే మేలు. ఇరవై ఏళ్ల కూతురున్న ఇంటికి ఉద్యోగమే మేలు. 2004 సెప్టెంబరు 1 తర్వాత ఆంధ్రప్రదేశ్ సర్వీసులో చేరినవారు పాత పెన్షన్ పరిధిలో లేరు గనుక, వారి కుటుంబాలకు ఈ ఎంపిక మరీ ముఖ్యం. ఏది కావాలో కుటుంబమే ఎంచుకునేలా రెండూ ఉంచడమే ‘అవసరం’ అనే ప్రమాణానికి తగిన మార్గం.

పోటీ పరీక్షలే నమ్మదగినవి కానప్పుడు పోటీకి ఇంత పవిత్రత ఎందుకని అడిగేవారూ ఉన్నారు. తెలంగాణలో 2022లో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీతో రద్దయింది, మళ్లీ పెట్టిన పరీక్ష హైకోర్టు తీర్పుతో రద్దయింది, చివరకు 2024లో నోటిఫికేషనే రద్దయింది. అభ్యర్థుల బాధ అర్థమయ్యేదే. కానీ దీన్నుంచి పోటీయే వద్దన్న నిర్ణయానికి రాలేం. పరీక్ష చెడితే ఎవరైనా కోర్టుకు వెళ్లి ప్రశ్నించగలరు, ఎందుకంటే అక్కడ అందరూ ఒకే నియమం కింద నిలబడ్డారు. పోటీ లేని నియామకంలో దారి తప్పితే ప్రశ్నించడానికి పోల్చదగిన మరో అభ్యర్థే ఉండడు. బహిరంగత విలువ ఇక్కడే తెలుస్తుంది. కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో 1996లో సుప్రీంకోర్టు ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి పంపిన పేర్లతో సరిపెట్టకుండా పత్రికల్లోనూ ప్రకటన ఇవ్వాలని చెప్పడం, 2006లో ఉమాదేవి కేసులో రాజ్యాంగ ధర్మాసనం తాత్కాలికంగా తీసుకున్నవారిని దొడ్డిదారిన పర్మనెంటు చేయడాన్ని అడ్డుకోవడం ఈ విలువను కాపాడేందుకే. పోటీ నియమం గట్టిగా ఉన్నచోటే కారుణ్యం గౌరవంగా నిలుస్తుంది. నియమమే లేనిచోట మినహాయింపుకు అర్థం ఉండదు.

పెళ్లైన కూతురు: గీతకు ఆఖరి పరీక్ష

అవసరమే ప్రమాణమని నిజంగా నమ్మితే ఆ నమ్మకం కారుణ్య పథకాల్లోనే మిగిలిన వారసత్వపు ఛాయలను కూడా ప్రశ్నించాలి. చాలా రాష్ట్రాల నియమాల్లో చాలాకాలం పాటు పెళ్లైన కొడుకు అర్హుడు, పెళ్లైన కూతురు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన ఒక జీవో, వేరే అర్హులు లేనప్పుడు, ఆమె తండ్రి మీదే ఆధారపడి ఆయనతోనే ఉంటున్నప్పుడు పెళ్లైన కూతురికి అవకాశం ఇచ్చింది. కొడుక్కి ఇలాంటి షరతులు లేవు. 2015లో అలహాబాద్ హైకోర్టు, 2020లో కర్ణాటక హైకోర్టు పెళ్లైన కూతుళ్లను మినహాయించే నియమాలను వివక్షగా కొట్టివేశాయి. రెండో భార్య పిల్లలను ఆ కారణంతోనే తోసిపుచ్చరాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తీర్పులన్నిటి వెనుకా ఉన్న ప్రశ్న ఒక్కటే: చనిపోయిన ఉద్యోగి జీతం మీద ఆ వ్యక్తి బతుకుతున్నాడా, లేదా? కొడుకే ఇంటిని నిలబెడతాడు, కూతురు వేరే ఇంటికి పోతుంది అన్న లెక్క వంశాన్ని చూస్తుంది తప్ప ఆకలిని చూడదు. తల్లిని చూసుకుంటున్న పెళ్లైన కూతురు, తల్లిని వదిలేసిన పెళ్లైన కొడుకు ఇద్దరూ ఉన్న ఇంట్లో, అవసరం ఎటు ఉందో వారసత్వపు నియమం చెప్పలేదు.

పోటీ లేని నియామకాన్ని తూచడానికి ఈ చరిత్ర ఇచ్చే కొలమానం ఇంతే. పోటీని ఎందుకు పక్కన పెట్టామో రాతపూర్వకంగా చెప్పగలగాలి. ఆ కారణం అవసరం, నష్టం, సేవల్లో ఒకటై ఉండాలి. దాన్ని ఒక ఇంటితో మరో ఇంటిని పోల్చి తూచే వీలుండాలి. గడువు దరఖాస్తుదారుకే కాక ప్రభుత్వానికీ ఉండాలి. ఇచ్చే పోస్టు అవసరాన్ని తీర్చేంతే ఉండాలి. ఈ అయిదు షరతులూ నెరవేరిన నియామకం పరీక్ష రాసి వచ్చిన నియామకం ముందు తలవంచుకోనక్కర్లేదు. ఇవి లేకుండా తండ్రి పేరు చూసి ఇచ్చే ఉద్యోగాన్ని ఎంత మంచి పేరుతో పిలిచినా, 1960లో సుప్రీంకోర్టు కొట్టివేసిన మునసబు వారసత్వమే అది, దాన్ని మళ్లీ తెచ్చుకోవలసిన అవసరం తెలుగు సమాజానికి లేదు.